ఏ ఇన్‌పుట్ లేకున్నా పర్కిన్జీ కణం లయగా ఎలా ఫైర్ అవుతుంది?

పర్కిన్జీ కణం చిన్నమెదడులోని ఒక పెద్ద న్యూరాన్ (నాడీకణం). దాని లయ బయటి నుంచి రాదు, కణంలోనే ఉంది. చిన్నమెదడు ముక్కలో సినాప్సులన్నిటినీ (న్యూరాన్ల మధ్య సంకేతాలు అందే చోట్లను) మందులతో ఆపేసినా, కణాన్ని విడదీసి ఒంటరిగా ఉంచినా, అది సెకనుకు దాదాపు 50 స్పైకులు (క్షణకాలపు విద్యుత్ సంకేతాలు) కొడుతూనే ఉంటుంది.

కిటుకంతా సోడియం చానెల్‌లో, అంటే సోడియం అయాన్లను లోపలికి వదిలే కణపొర ద్వారంలో ఉంది. మామూలు న్యూరాన్‌లో స్పైక్ అయ్యాక ఈ చానెళ్లు ఇనాక్టివేట్ అయి (పనిచేయని స్థితికి వెళ్లి) కాసేపు మొరాయిస్తాయి. పర్కిన్జీలో ఆ పరిస్థితి రాకముందే ఒక ప్రోటీన్ ముక్క తెరుచుకున్న రంధ్రంలో బిరడాలా దూరుతుంది. వోల్టేజి సుమారు మైనస్ 30 మిల్లీవోల్టులకు దిగేసరికి బిరడా ఊడుతుంది, సోడియం మళ్లీ లోపలికి వస్తుంది. 1997లో శాస్త్రవేత్తలు రామన్, బీన్ వర్ణించిన ఈ రిసర్జెంట్ (మళ్లీ ఎగసే) కరెంటే తర్వాతి స్పైక్‌కు ఊతం. ఎన్‌ఏవీ1.6 అనే రకం సోడియం చానెల్ లేని ఎలుకల్లో ఇది బాగా తగ్గుతుంది, నడక తడబడుతుంది.

కేవీ3 రకం పొటాషియం చానెళ్లు పొటాషియాన్ని బయటికి పంపి స్పైక్‌ను మిల్లీసెకను లోపే ముగిస్తాయి. కాల్షియం సంగతే తిరకాసు: లోపలికి వచ్చిన కాల్షియం పొటాషియం చానెళ్లను తెరిపిస్తుంది కాబట్టి నికర ప్రవాహం బయటికే. అందుకే కాల్షియం చానెళ్లను మూసేస్తే కణం ఊరుకోదు; లయ తప్పి గుంపులు గుంపులుగా పేలుతుంది.

కొలిచేటప్పుడు కణాన్ని చీల్చకుండా సెల్-అటాచ్డ్ పద్ధతి (పిపెట్ అనే సన్నని గాజు గొట్టాన్ని కణపొరకు అంటించి మాత్రమే కొలవడం) వాడండి. చీలిస్తే పిపెట్ ద్రవం లోపలి అయాన్లను మార్చేస్తుంది. గది ఉష్ణోగ్రతలో వేగం పడిపోతుంది, అది కణానికి జబ్బు చేసినట్టు కాదు.