ప్యాకింగ్ సెక్షన్‌లో చేరుతున్న అమ్మలుకు

అమ్మలూ,

పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషం. కానీ ప్యాకింగ్‌లో వేశారని దిగులుగా ఉన్నావట, "బీఫార్మసీ చదివింది అట్టపెట్టెలు సర్దడానికా" అన్నావట. నేను ఇరవై తొమ్మిదేళ్లు ఆ సెక్షన్‌లోనే పనిచేశాను. గోళీ తయారవడానికి కొద్ది రోజులు చాలు. ఆ తర్వాత రెండు మూడేళ్లు దాన్ని కాపాడాల్సింది మనం చుట్టిన రేకే.

ముందు తేమ సంగతి తెలుసుకో. ఆస్పిరిన్‌కి తేమ తగిలితే విడిపోయి అసిటిక్ ఆమ్లం పుడుతుంది. పాత డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తుందే, అది అదే. బ్లిస్టర్‌లో, అంటే గుంటలున్న గోళీల స్ట్రిప్‌లో, గోళీ కూర్చునే గుంటకి మామూలుగా 250 మైక్రాన్ల (పావు మిల్లీమీటరు) పీవీసీ ప్లాస్టిక్ ఫిల్మ్ వాడతారు. వేడిచేసి గుంట లాగేటప్పుడు మూలల దగ్గర అది పలచబడుతుంది, అక్కడినుంచే తేమ ఎక్కువ దూరుతుంది. తేమ పడని మందులకి, తేమని ఇంకా బాగా ఆపే పీవీడీసీ అనే ప్లాస్టిక్ పూత వేసిన ఫిల్మ్ తీసుకుంటారు. అదీ చాలకపోతే ఆలూ-ఆలూ, అంటే కిందా పైనా అల్యూమినియం రేకే. నైలాన్, అల్యూమినియం, పీవీసీ అతికించిన రేకుని వేడి లేకుండా అచ్చుతో నొక్కుతారు. రేకు ఎక్కువ సాగదు కనుక గుంట వెడల్పుగా ఉండాలి. పది గోళీలకి అంత పెద్ద స్ట్రిప్ ఎందుకని కొనేవాళ్లు అడుగుతారు, కారణం ఇదే.

కొన్ని మందులకి వెలుతురు పడదు. బీపీకి వాడే నిఫెడిపిన్ అలాంటిదే. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ గోళీలనైతే గాజు సీసాలో ఇస్తారు, మందు ఆవిరై ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది కనుక. మందు స్వభావం తెలియకుండా ఏ ప్యాకింగ్ మంచిదో చెప్పలేం. నీ చదువు పనికొచ్చేది ఇక్కడే.

లీక్ టెస్ట్ మాత్రం నీ చేత్తో నువ్వే చెయ్యి. మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లలో స్ట్రిప్పులు ముంచి, డెసికేటర్ (గాలి చొరబడని మూత పాత్ర) మూసి, లోపలి గాలి లాగేసి వాక్యూమ్ పెడతారు. వాక్యూమ్ వదలగానే, ఎక్కడైనా సందు ఉంటే నీలి నీళ్లు లోపలికి పోతాయి. స్ట్రిప్పులు కడిగి, తుడిచి, ఒక్కో గుంటా విప్పి చూడాలి. ఒకసారి వానాకాలం నైట్ షిఫ్ట్‌లో చివరి వరస గోళీ అంచున ఆవగింజంత నీలం కనిపించింది నాకు. పై రేకు ముడత పడి అక్కడ సీలు అతుక్కోలేదు. మళ్లీ టెస్ట్ చేద్దాం, ఇది పాసైందని రాయి అన్నాడు పక్కవాడు. నేను రాయలేదు. మెషీన్ ఆపించి, అంతకుముందు చేసిన టెస్ట్ తర్వాత తయారైన సరుకంతా పక్కన పెట్టించాను. నువ్వూ అలాగే చెయ్యి. ప్రొడక్షన్ టార్గెట్ అంటూ టెన్షన్ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాతదేదీ లైన్‌లో మిగల్లేదని చూసుకునే లైన్ క్లియరెన్స్ దగ్గర కళ్లతో చూస్తే సరిపోదు, వంగి కన్వేయర్ కింద చెయ్యి పెట్టి తడమాలి. పాత బ్యాచ్ కార్టన్ ఒక్కటి మిగిలినా ఒక మందు ఇంకో మందు పేరుతో బయటికి వెళ్లిపోతుంది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చు మసకగా ఉంటే వదిలేయకు. ఊళ్లో మెడికల్ షాపుల్లో నాలుగు గోళీలు కత్తిరించి ఇస్తారు, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మీ నానమ్మ డబ్బా తెరిచినప్పుడల్లా అలాంటి తేదీ లేని ముక్కలే కనిపిస్తాయి నాకు.

మీ దగ్గర అమెరికాకి వెళ్లే సీసాలు నడిస్తే వాటి సీళ్లు కూడా శ్రద్ధగా చూడు. 1982లో చికాగో దగ్గర టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే ప్యాకింగ్ ఉండాలని అక్కడ రూల్ వచ్చింది ఆ తర్వాతే.

మొదటి వారం ఎవరినీ సలహా అడగకుండా ఆపరేటర్ పక్కన నిలబడు. రేకు రోల్ ఎక్కించేటప్పుడు వేడికి అతుక్కునే లాకర్ (lacquer) పూత ఏ వైపు ఉందో వాళ్లు వేలితో రుద్ది చెప్పేస్తారు. ఆ పూత పీవీసీ వైపు లేకపోతే సీలే పడదు. అది నేర్చుకున్నాక ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. మీ లైన్‌లో ఏ ఫిల్మ్ నడుస్తోందో, ఏ మందుకి వాడుతున్నారో చెప్పు, ఎందుకో ఇద్దరం మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న