వాసాల కప్పుకు మేకులు చాలా?

ప్రశ్న: కోనసీమలో మా పాత పెంకుటింటి కప్పు విప్పి కొత్త టేకు వాసాలు వేయిస్తున్నాం. వాసాలు 2×4 అంగుళాలు, వాటి మీద పెంకులు ఆనే రీపర్లు 2×1. అన్నిటికీ మేకులే చాలంటున్నారు వడ్రంగి. తుఫానుకు ఆగుతాయా?

జవాబు: రీపర్లకు చాలు, వాసాల కాళ్లకు, అంటే గోడమీద ఆనే కొసలకు, చాలవు. మేకు అడ్డంగా పడే బరువును బాగా మోస్తుంది, నిలువునా లాగితే ఊడివస్తుంది. తుఫాను గాలి కప్పును పైకే లాగుతుంది. వాసం పైనుంచి గోడమీది దూలంలోకి కొట్టిన మేకు సరిగ్గా ఆ దిక్కునే ఉంటుంది. అందుకని ప్రతి వాసం మీదుగా 30 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం గల ఇనప పట్టీ వేసి, రెండు కొసలనూ దూలం పక్కకు దించి, పక్కనుంచి బిగించండి. ఆ దూలాన్ని కూడా గోడ పైనున్న కాంక్రీటు బెల్టులో పాతిన 12 మి.మీ. బోల్టులతో, సుమారు మీటరుకొకటి చొప్పున, పట్టి ఉంచాలి. ఇది వదిలేస్తే కప్పు దూలంతో సహా లేస్తుంది.

ఎదురెదురు వాసాలను కలిపే అడ్డకర్రకు ప్రతి కొసనా రెండు 12 మి.మీ. బోల్టులు కావాలి. ఒక్కటే ఉంటే అతుకు దాని చుట్టూ తిరుగుతుంది. రంధ్రం 13 మి.మీ. మించనివ్వకండి. కర్ర కొస నుంచి మొదటి బోల్టుకు 84 మి.మీ., అంటే బోల్టు మందానికి 7 రెట్లు, దూరం ఉండాలి. తక్కువైతే నార వెంబడి చీలుతుంది. రెండు పక్కలా 40 మి.మీ. చదరపు వాషరు తప్పనిసరి. లేకపోతే నట్టు కర్రలోకి దిగబడి అతుకు వదులవుతుంది.

రీపర్లకు రెండున్నర అంగుళాల మేకులు వాడండి. అంగుళం రీపరుకు పోగా అంగుళంన్నర వాసంలో దిగుతుంది. టేకు చీలకుండా ముందు మేకు మందంలో 80 శాతం మించని బిట్టుతో తొలచండి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు పెళుసు, విరుగుతాయి. కప్పులో అసలు వద్దు. ఉప్పుగాలి కాబట్టి అన్నీ జింకు పూసినవే తీసుకోండి. కర్ర పచ్చిదైతే ఎండి సన్నబడుతుంది, ఏడాదికి నట్లు మళ్లీ బిగించాలి.

ప్రశ్న: తాటి వాసాలకూ ఇదేనా?

జవాబు: పట్టీ, వాషరు ఇవే. కానీ తాటికర్ర పైన గట్టి, లోపల మెత్తన. మొన మెత్తని భాగంలో ఆగిన మేకుకు పట్టు ఉండదు. బోల్టును ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చి, గట్టి భాగం మీదే వాషరు ఆనేలా బిగించండి.