క్రేటర్ లేక్‌లో ఈత కొట్టవచ్చా?

సందేహం: అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడి నేషనల్ పార్కులో ఉన్న క్రేటర్ లేక్ సరస్సు ఒడ్డుకు దిగి ఈత కొట్టాలని ఉంది. ఈత బాగానే వచ్చు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు నిరాశపరిచే మాట చెప్పేస్తాను. నీళ్లదాకా దిగడానికి అనుమతి ఉన్న దారి క్లీట్‌వుడ్ కోవ్ ఒక్కటే. దాన్ని బాగుచేయడానికి 2026 నుంచి మూసి ఉంచి, 2029లో తెరవాలన్నది పార్కువారి ప్రణాళిక. బయలుదేరే ముందు వారి వెబ్‌సైట్ చూడండి. మూసి ఉంది కదా అని అడ్డదారిన దిగకండి. నిషేధం సంగతి అలా ఉంచి, ఆ వాలంతా వదులు రాళ్లు. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

తెరిచాక వెళ్తే సరస్సు చలిని తక్కువ అంచనా వేయకండి. అగ్నిపర్వతం కదా, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయనుకున్న అమాయకుణ్ణి నేను! ఈ సరస్సున్న చోట మజామా అనే అగ్నిపర్వతం కుప్పకూలి గుంటపడి సుమారు 7,700 ఏళ్లైంది. ఆ గుంటను నింపింది వానా మంచే. ఏ నదీ వచ్చి కలవదు. లోతు 1,943 అడుగులు. నడివేసవిలో కూడా పైనీరు 15 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా ఉంటుంది.

మొదటిసారి నేను బండ మీదినుంచి దూకేశాను. మునగగానే నా ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుంది, నీళ్లు మింగాను. బావిలో నేర్చిన ఈత అక్కడ అక్కరకు రాలేదు. అందుకే మెల్లగా దిగి, ఊపిరి కుదుటపడేదాకా ఒడ్డునే నిలబడండి. కాస్త దూరంలోనే అడుగు అందదు, చేతులు త్వరగా మొద్దుబారతాయి. హాయిగా ఉన్నప్పుడే బయటికి వచ్చేయండి. బయటి జీవులు సరస్సులో చేరకుండా గాలి తెప్పలు, వెట్‌సూట్‌లు (చలి ఆపే ఈత దుస్తులు) నిషేధించారు. కాబట్టి ఈత రానివారు కాళ్లు తడుపుకుంటే చాలు.

దారి 1.1 మైలే. కానీ దిగిన 700 అడుగులూ తిరిగి ఎక్కాలి, అదీ ఆరువేల అడుగులకు పైన, పలుచని గాలిలో. తాగునీళ్లు, పొడి బట్టలు కిందికి తీసుకెళ్లండి. నేను కారులో వదిలేశాను.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే మాత్రం మొహమాటపెట్టి దింపకండి. ఆ నీళ్ల నీలిరంగు గట్టు మీదినుంచే ఇంకా బాగా కనిపిస్తుంది.