మిర్చి యార్డులో సర్వేకు అనుమతి కావాలా?

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టు కోసం మిర్చి యార్డు కూలీలను దగ్గు, కళ్ల మంటల గురించి ప్రశ్నించదలచాను. అందుకు అనుమతి అవసరమా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అవసరమే. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, మనుషులు పాల్గొనే ఆరోగ్య పరిశోధనను, అది కేవలం ప్రశ్నావళితో సాగేదైనా, ముందుగా నైతిక సంఘం (పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ) పరిశీలించాలి. మీ కళాశాలలో అటువంటి సంఘం లేకపోతే, అధ్యాపకుల ద్వారా మరో సంస్థ సంఘాన్ని ఆశ్రయించవచ్చు. ప్రతి కూలీ సమ్మతీ తీసుకోవాలి. చదువురాని వారికి సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి సమక్షంలో వేలిముద్ర వేయించుకోవాలి. ఆ సాక్షి మేస్త్రీ కాకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన ఎదుట ఎవరైనా ‘బాగానే ఉన్నామమ్మా’ అనే అంటారు. యార్డు రికార్డులు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు.