ఎన్నారై సందేహాలు: ఒక్క సెమిస్టర్‌కి జర్మనీ వెళ్తున్నా, ఏం చూసుకోవాలి అక్కా?

"అక్కా, నమస్తే. నేను హైదరాబాద్‌లో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. ఎక్స్ఛేంజ్ కింద వచ్చే అక్టోబరు నుంచి ఒక సెమిస్టర్ ఆఖెన్‌లో చదవడానికి ఎంపికయ్యాను. వీసా, డబ్బు, క్రెడిట్లు, సామాను, అన్నీ టెన్షన్‌గానే ఉన్నాయి. హాస్టల్లో పది గదులకి ఒకటే వంటిల్లు అట. అమ్మ విడిగా రూము తీసుకోమంటోంది. ఏది మంచిది?"

తమ్ముడూ, ముందు నీకు అభినందనలు. నువ్వు అడిగిన అయిదింటిలో నాలుగింటికి జవాబులు జర్మన్ ఎంబసీ సైటులోనూ, నువ్వు వెళ్ళే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీలోనూ ఉన్నాయి. ఓపిగ్గా కూర్చుని చదువుకుంటే ఒక ఆదివారం పని. కాస్త తర్వాత నాలుగు ముక్కల్లో నేనూ చెప్తాను. ఆఖర్న మాటవరసకి అడిగావు చూడు, రూము సంగతి, నాకు అసలు దిగులు దాని గురించే.

2009 అక్టోబరులో నేనూ నీలాగే ఒక్క సెమిస్టర్‌కి ఆ ఊరే వచ్చాను. మాది తెనాలి. ఇంటర్ దాకా అమ్మ చేతి అన్నం, తర్వాత హైదరాబాద్ హాస్టల్లో గదికి నలుగురం. ఒక్కదాన్నే పడుకున్న రాత్రి అంటూ అప్పటిదాకా లేదు. అలాంటిదాన్ని, మీ అమ్మగారు చెప్పిన మాటే మా అమ్మ చెబితే విని, ఊరి చివర బెల్జియం వైపు ఒంటిగది ఇల్లు తీసుకున్నాను. విడిగా బాత్రూం, విడిగా పొయ్యి. ఆ పొయ్యి మీద ఎవరెవరు ఏమేం వండుతారో అన్న బెంగ అమ్మకి ఉండదు కదా అనుకున్నాను. హాస్టల్ గది కంటే నెలకి 90 యూరోలు ఎక్కువ. యూనివర్సిటీకి బస్సులో ఇరవై అయిదు నిమిషాలు.

మొదటి మూడు వారాలు గొప్పగా అనిపించింది. నా ఇల్లు, నా తాళం. కుక్కర్ మూడు కూతలు కూస్తే కిటికీ అద్దమంతా ఆవిరి పట్టేది. గోంగూర పచ్చడి, కందిపొడి, పెరుగు. నేను ఎవరికీ తీసిపోలేదనుకున్నాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి నాలుగున్నర. అమ్మ పొద్దున్న అయిదున్నరకి లేస్తుంది. అంటే నాకు రాత్రి ఒంటిగంట. అమ్మ లేచేదాకా మేలుకుని ఉండి, మాట్లాడి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ప్రకటన వచ్చింది. ఆ తర్వాత అటూ ఇటూ బందులు, గొడవలు. నా స్నేహితులు హాస్టల్ ఖాళీ చేసి ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తెల్లవారుజామున నాలుగింటిదాకా వార్తలు చూసేదాన్ని. లేచేసరికి మధ్యాహ్నం పన్నెండు. డిసెంబరులో ఆఖెన్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. అంటే రోజు మొత్తంలో నేను చూసే వెలుతురు నాలుగు గంటలు, అదీ మబ్బు పట్టిన వెలుతురు. పొద్దున్న ఎనిమిదిన్నర క్లాసు ఒక్కటీ వినలేదు. ఒళ్ళు ఆఖెన్‌లో, ప్రాణం తెనాలిలో. అలా బతికాను రెండు నెలలు.

వారం మొత్తమ్మీద నోరు తెరిచి ఎన్ని మాటలు అన్నానో రాత్రిపూట లెక్క చూసుకునేదాన్ని. బస్సు డ్రైవరుకి ఒకటి. సూపర్‌మార్కెట్ కౌంటర్లో రెండు. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఎప్పుడైనా వాళ్ళింటికి రమ్మంటుందేమో అని ఎదురుచూశాను. మనకి అదే కదా అలవాటు, దారిలో కనబడితే లోపలికి లాక్కుపోయి కాఫీ ఇస్తారు. ఆ అమ్మాయి ఎంతకీ పిలవలేదు. నన్ను చూస్తే ఇష్టం లేదనుకున్నాను.

ఇక క్రిస్మస్. ఆ ఏడు డిసెంబరు 24 గురువారం పడింది. ఆ రోజు మధ్యాహ్నానికల్లా దుకాణాలు మూసేస్తారని నాకు తెలియదు. 25, 26 రెండూ సెలవే. 27 ఆదివారం, ఆదివారం అక్కడ ఎలాగూ ఏ కొట్టూ తెరవరు. నాలుగింటికి తీరిగ్గా పెరుగు కొనడానికి వెళ్తే షట్టరు దించేసి ఉంది. వీధిలో మనిషి లేడు. ప్రతి కిటికీలోనూ కాగితపు నక్షత్రం, లోపల దీపం. ఎక్కడో చర్చి గంట మోగుతోంది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. సగం క్యారెట్, రెండు గుడ్లు, అడుగున కాస్త పాలు. ఆకలికేం, బియ్యమూ పచ్చడీ ఉన్నాయి. శుక్రవారం పొద్దున ఇంటర్నెట్ స్టిక్‌లో బాలెన్స్ అయిపోయింది. రీచార్జి కార్డు కొందామంటే కొట్టు లేదు. రైల్వేస్టేషన్లో కొట్లూ పెట్రోలు బంకులూ తెరిచే ఉంటాయని చెప్పే మనిషి నాకు లేడు. అమ్మ గొంతు కూడా పోయింది. నాలుగు గోడల మధ్య కుక్కర్ కూత తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

శనివారం ఊరికే మెట్లు దిగి కిందకి వచ్చాను. గుమ్మం దగ్గర గోడకి వరసగా ఆరు లెటర్‌బాక్సులు. అయిదింటి మీద పేర్లున్నాయి, నా దాని మీద లేదు. రోజూ దాన్ని దాటుకునే వెళ్ళాను, ఏనాడూ చూడలేదు. జర్మనీలో మామూలుగా ఇంటికి ఫ్లాట్ నంబరు ఉండదు తమ్ముడూ, పేరే అడ్రసు. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. నా ఏటీఎం కార్డు రెండుసార్లు అలాగే తిరిగిపోయింది. నేనేమో రెండున్నర నెలలుగా బ్యాంకు కౌంటర్లో నిలబడి డబ్బు తీసుకుంటూ వాళ్ళనే అనుమానించాను.

అలా చూస్తూ నిలబడితే కింది వాటా తలుపు తెరిచి ఒక ముసలావిడ వచ్చింది. డబ్బా వైపు చూపించి ఏదో అడిగింది. అర్థం కాలేదు కానీ నా పేరు చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి తెల్ల కాగితం, కత్తెర, టేపు తెచ్చింది. నాచేత పేరు రాయించింది. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరూ అసలు పేరూ పొడుగ్గా రాస్తే గాడిలో పట్టలేదు. ఇంటిపేరు ఏదో వేలితో చూపించమంది. ఇంకో కాగితం మీద అది ఒక్కటీ పెద్ద అక్షరాలతో తనే రాసి, అంచులు కత్తిరించి, లెటర్‌బాక్సుకి ఒకటీ కాలింగ్ బెల్ పక్కన ఒకటీ అంటించింది. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చి, ప్రింటెన్ పెట్టింది. దాల్చినచెక్క, లవంగం వాసన వేస్తూ గట్టిగా ఉండే బిస్కెట్టు, ఆ ఊరి ప్రత్యేకం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు. గంటసేపు కూర్చున్నాను. నేను దిగినరోజే మెట్ల మీద గూటెన్ టాగ్ అని పలకరించి ఉంటే అక్టోబరులోనే ఈ పేరు అంటించేది కదా అని పైకి వచ్చాక ఏడ్చాను.

జనవరిలో తెగించాను. పక్కన కూర్చునే అమ్మాయిని నేనే అడిగాను, గురువారం సాయంత్రం ఆరింటికి మీ హాస్టల్ వంటింట్లో మా పండగ వంట చేస్తాను, సరేనా అని. ఆ గురువారం జనవరి 14, సంక్రాంతి. వెంటనే డైరీ తీసి రాసుకుంది. అప్పుడు తెలిసింది నాకు, అక్కడ "ఎప్పుడైనా రా" అంటే ఎవరూ రారు, పిలవరు. ఫలానా రోజు, ఫలానా టైముకి అని చెబితే తప్పకుండా వస్తారు. నేను ఎదురుచూసినన్నాళ్ళూ ఆ అమ్మాయీ నేను అడుగుతానేమో అని చూస్తోందట. పులిహోర కలిపాను, ఎనిమిది మంది తిన్నారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అక్కడే. ఇల్లు మారదామంటే ఖాళీ చెయ్యడానికి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అందుకని మార్చి దాకా ఒంటిగదికి అద్దె కడుతూనే ఆ వంటింట్లో బతికాను. పరీక్షలు నాలుగూ పాసయ్యాను. 2011లో మాస్టర్స్‌కి మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఉద్యోగం తెచ్చుకుని, ఇల్లు కట్టుకున్నాను.

కాబట్టి వంటిల్లు కలిసి ఉన్న గదే తీసుకో. స్టూడెంట్ హాస్టల్లో గానీ, నలుగురు కలిసి ఉండే ఇంట్లో గానీ. అలాంటి ఇంటిని వాళ్ళు 'వేగే' అంటారు. ఆరు నెలలకి వెళ్ళేవాడి పరిస్థితి రెండేళ్ళకి వెళ్ళేవాడి కంటే కష్టం. వీడు ఎలాగూ మార్చిలో వెళ్ళిపోతాడు కదా అని చుట్టుపక్కల వాళ్ళూ అనుకుంటారు, నువ్వూ అనుకుంటావు. పొయ్యి దగ్గర రోజూ ఎదురుపడేవాళ్ళు మాత్రం పలకరించక తప్పదు. అమ్మగారికి చెప్పు: నీ గిన్నెలు నీవి, ఫ్రిజ్‌లో నీ అర నీది, పొయ్యి తుడుచుకుని వండుకుంటావు. ఆవిడ నమ్మకపోతే నాతో మాట్లాడించు. ఇద్దరు పిల్లల తల్లిని, నా మాట వింటారు.

"ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్ ఉంది కదక్కా" అంటావు. అదే నా భయం. నాకు బాలెన్స్ అయిపోయి బతికిపోయాను, నీకు అయిపోదు. మీ తరం పిల్లలు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని హైదరాబాద్‌తో మాట్లాడుతూనే ట్రాములో, బస్సులో తిరగడం చూస్తూనే ఉన్నాను. ఇంటికి రోజుకి ఒక్క ఫోను, అదీ నీ సాయంత్రం నాలుగింటికి, వాళ్ళకి ఎనిమిదిన్నర. రాత్రి పదకొండు తర్వాత వద్దు. పొద్దున్నే లేచి, వెలుతురు ఉండగా గంటసేపు బయట తిరుగు. యూనివర్సిటీ స్పోర్ట్స్ క్లాసులు చవగ్గా ఉంటాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన కాసేపటికే మంచివి నిండిపోతాయి. తేదీ కనుక్కుని సిద్ధంగా ఉండు. ఆట రాకపోయినా చేరు. వెళ్ళేలోపు జర్మన్‌లో మొదటి మెట్టు, ఏ1, పూర్తిచెయ్యి. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, మెట్ల మీద మనుషులు జర్మన్‌లోనే ఉంటారు.

మన తెలుగువాళ్ళు నలుగురు కలిసి ఒకే ఫ్లాట్ తీసుకోవడం కూడా చూశాను. ఒంటరితనం ఉండదు, నిజమే. కానీ సెమిస్టర్ అంతా పేకాట, చికెన్ కూర, పాత సినిమాలు. ఆదివారం భోజనానికి వాళ్ళ దగ్గరికి వెళ్ళు, కాపురం మాత్రం పెట్టకు.

ఇక నాలుగు ముక్కలు. డబ్బు: వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌కి 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోల లెక్క. అది నువ్వు దిగి అకౌంటు తెరిచాక నెలనెలా వస్తుంది కాబట్టి, మొదటి నెల అద్దె, అడ్వాన్సు, సెమిస్టర్ ఫీజు, ఇన్సూరెన్సు కట్టడానికి విడిగా తెచ్చుకో. దిగిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్ట్రేషన్, దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. క్రెడిట్లు: అక్కడ సెమిస్టర్‌కి మామూలుగా 30, అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతావో రాసుకునే ఒప్పందం, లెర్నింగ్ అగ్రిమెంట్, దాని మీద మీ హెచ్.ఓ.డి. సంతకం ముందే పెట్టించు. క్లాసులు ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఒక్కోసారి మార్చి దాకా నడుస్తాయి. మీ కాలేజీలో తర్వాతి సెమిస్టర్ అప్పటికే మొదలవుతుంది. నేను నోటిమాట నమ్మి వెళ్ళి, తిరిగొచ్చాక అటెండెన్స్ చాలక కండోనేషన్ కట్టి ఆఫీసు చుట్టూ తిరిగాను. నువ్వు కాగితం మీద రాయించుకో. పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, క్లాసులో కూర్చున్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. సామానులో చిన్న కుక్కర్, కందిపొడి, చింతపండు. చలికోటు అక్కడే కొనుక్కో.

విమానం టికెట్ సెప్టెంబరు ఆఖరి వారానికి తీసుకో, కొత్తవాళ్ళకి పెట్టే పరిచయ కార్యక్రమాలు ఒక్కటీ వదలకు. అక్టోబరు 3 అక్కడ జాతీయ సెలవు, దానికి ఆనుకుని ఆదివారం వస్తే రెండు రోజులు కొట్లు ఉండవు. దిగిన రోజే పాలు, పెరుగు, కూరగాయలు కొని పెట్టుకో. సంచీలో ఒక టేపు వేసుకో, గది తాళం చేతికి రాగానే లెటర్‌బాక్సు మీద ఇంటిపేరు అంటించు.

నేను ఇప్పుడు ఉండేది డ్యూసెల్‌డోర్ఫ్‌లో. ఆఖెన్ నుంచి రైల్లో గంటన్నర. అక్టోబరు రెండో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మా ఇంటికి భోజనానికి రా. పప్పూ, దొండకాయ వేపుడూ చేస్తాను. ఆ వంటింట్లో పరిచయమైనవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకరిని వెంటబెట్టుకుని రా, ముందురోజు చెబితే చాలు.