నీలం గడిలో తెల్ల నక్షత్రం: పాఠకుల ప్రశ్నలు, ఓడ సరుకు జవాబులు

ప్రశ్న: సార్, నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ని. మాకొచ్చే రీఫర్ కంటైనర్ల (సరుకుని చల్లగా ఉంచే డబ్బాల) మీద నీలం గడిలో తెల్ల నక్షత్రం, పక్కన మెర్స్క్ అని పేరు ఉంటాయి. రోజూ చూస్తున్నా కానీ ఈ కంపెనీ ఏ దేశానిదో, ఇంత పెద్దది ఎలా అయిందో తెలీదు. కొంచెం వివరంగా చెప్తారా? (భీమవరం పాఠకుడు)

జవాబు: ఆ నక్షత్రం దగ్గర్నుంచే మొదలుపెడదాం తమ్ముడూ, ఈసారి చూసినప్పుడు మొనలు లెక్కపెట్టు, ఏడు ఉంటాయి. డెన్మార్క్‌లో పీటర్ మెర్స్క్ మోలర్ అని ఒక ఓడ కెప్టెన్ ఉండేవాడు, ఆయన 1886లో లారా అనే స్టీమర్ కొన్నాడు. ఆయన భార్య ఆనాకి అంతకుముందు జబ్బు చేస్తే, తగ్గుతుందో లేదో తెలీక ఒక రాత్రి దేవుడ్ని వేడుకుని, ఆకాశంలో ఒక్క చుక్క గుర్తుగా చూపించమన్నాడట. లారా పొగగొట్టం మీద వేసిన చుక్క ఆ రాత్రికి గుర్తు అని ఆయనే భార్యకి ఉత్తరంలో రాశాడు. మీ ప్లాంట్ గేటు ముందు ఆగే డబ్బా మీద ఉన్నది అదే.

అసలు కంపెనీ పెట్టింది మాత్రం 1904లో, స్వెన్‌బోర్గ్ అనే చిన్న ఊళ్ళో. కెప్టెన్ గారు, ఆయన కొడుకు ఆర్నాల్డ్ పీటర్ కలిసి పెట్టారు, చేతిలో ఉన్నది ఒకే ఒక సెకండ్‌హ్యాండ్ స్టీమర్. కొడుక్కి తొందర ఎక్కువ, ఆ కంపెనీ బోర్డుతో పని నెమ్మదిగా సాగుతుందని 1912లో రెండో కంపెనీ పెట్టుకున్నాడు.

నా లెక్కలో అసలు మలుపు 1928. అప్పటిదాకా వాళ్ళ ఓడలు కిరాయి లారీల్లాంటివే, సరుకు ఎక్కడుంటే అక్కడికి పోవడం, దించడం, మళ్ళీ సరుకు కోసం వెతుక్కోవడం. ఆ ఏడాది జూలైలో లైసె మెర్స్క్ అనే ఓడ అమెరికాలో బాల్టిమోర్ నుంచి బయల్దేరి పనామా కాలువ మీదుగా తూర్పు ఆసియా వైపు వెళ్ళింది, అందులో ఫోర్డ్ కార్ల విడిభాగాలు కూడా ఉన్నాయి. అక్కణ్ణుంచి మొదలైంది లైన్ సర్వీసు, అంటే ఆర్టీసీ బస్సులాగా ఓడ నిండినా నిండకపోయినా ఫలానా రోజుకి ఫలానా రేవులో ఉండాల్సిందే. సరుకు పంపేవాడికి కావాల్సింది ఆ నమ్మకమే కదా, రేటు పది రూపాయలు తక్కువా ఎక్కువా అన్నది ఆ తర్వాత మాట.

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించింది. ముందురోజే కంపెనీ ఓడలన్నిటికీ తటస్థ దేశాల రేవులకి వెళ్ళమని టెలిగ్రామ్ వెళ్ళింది. మూడో తరం, అంటే ఆర్నాల్డ్ కొడుకు మెర్స్క్ మెకిన్నీ మోలర్ పాతికేళ్ళ వయసు దాటగానే భార్యతో అమెరికా వెళ్ళి అక్కణ్ణుంచి వ్యాపారం నడిపాడు. యుద్ధం అయ్యాక 1946లో తండ్రి ఈ కొడుక్కి ఒక ఉత్తరం రాశాడు, ఎప్పటికప్పుడు జాగ్రత్త పడితే తప్పించుకోగలిగే నష్టం ఏదీ మనకి తగలకూడదు అనేది దాని సారం. ఆ కంపెనీలో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

ఇంత ముందుచూపు ఉన్నవాళ్ళు కంటైనర్ల దగ్గర మాత్రం ఆలస్యం చేశారు, ఇది చాలామందికి తెలీదు. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే ట్రక్కుల యజమాని పాత ట్యాంకర్ ఓడ మీద 58 డబ్బాలు ఎక్కించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. కూలీలు ఒక్కో బస్తా మోసి ఎక్కిస్తే టన్నుకి ఆరు డాలర్ల దాకా అయ్యే ఖర్చు 16 సెంట్లకి దిగిందని లెక్కలు. మెర్స్క్ పూర్తి కంటైనర్ ఓడ ఏడ్రియన్ మెర్స్క్ దిగింది 1975లో, అంటే దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత. కానీ దిగాక ఆగలేదు. 1999లో సీ-ల్యాండ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని కొన్నారు, సీ-ల్యాండ్ అంటే ఆ మెక్లీన్ పెట్టిన కంపెనీయే! 2005లో పీ అండ్ ఓ నెడ్‌లాయిడ్, 2017లో హాంబర్గ్ సూడ్ కూడా వీళ్ళలో కలిశాయి.

2013లో వచ్చిన ఓడకి మెర్స్క్ మెకిన్నీ మోలర్ అనే పేరే పెట్టారు, ఆయన అంతకు ముందు ఏడాదే 98 ఏళ్ళ వయసులో పోయారు. దాని పొడవు 400 మీటర్లు, పట్టేది 18,000 టీఈయూలు. టీఈయూ అంటే ఇరవై అడుగుల డబ్బా లెక్క, మీ ప్లాంట్‌కొచ్చేవి నలభై అడుగులవి కాబట్టి అవైతే తొమ్మిది వేలు. వాటిని రోడ్డు మీద మూతికి మూతి ఆనించి పెట్టుకుంటూ పోతే 110 కిలోమీటర్లు, అంటే భీమవరం నుంచి ఇంచుమించు విజయవాడ దాకా డబ్బాలే డబ్బాలు, అన్నీ ఒకే ఓడలో.

ప్రశ్న: ఇంత పెద్ద కంపెనీ కంప్యూటర్లన్నీ ఒక్కరోజులో పోయాయని మా ఆఫీసులో అంటే నేను నమ్మలేదు. నిజమేనా? (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ఉక్రెయిన్‌లో వాడే ఒక ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోంచి బయటికొచ్చి వీళ్ళ నెట్‌వర్క్ మొత్తం తినేసింది. ఓడలు సముద్రం మీద బానే ఉన్నాయి కానీ ఏ డబ్బా ఎవరిదో చెప్పే సిస్టమ్ లేదు, టెర్మినల్ గేట్ల దగ్గర లారీలు క్యూ కట్టేశాయి, బుకింగ్‌లు వాట్సాప్‌లో కూడా తీసుకున్నారు. లాగిన్‌లన్నిటికీ ఆధారమైన సర్వర్లు ప్రపంచమంతా తుడిచిపెట్టుకుపోతే ఒక్కటి మాత్రం మిగిలింది, ఘానా ఆఫీసులో, ఎందుకంటే వైరస్ వచ్చే సమయానికి అక్కడ కరెంటు పోయి ఉంది. ఆ డేటాని మనిషి చేత్తో పట్టుకుని నైజీరియా దాకా, అక్కణ్ణుంచి ఇంకొకరు ఇంగ్లండ్ దాకా మోసుకెళ్ళారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్ళీ కట్టుకున్నామని కంపెనీ ఛైర్మనే తర్వాత చెప్పాడు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. జాగ్రత్త గురించి ఉత్తరం రాసిన ఆయన ఇది చూసుంటే ఎంత బాధపడేవాడో అని నాకు చాలాసార్లు అనిపించింది, ఆ పది రోజులు నిద్ర లేకుండా పనిచేసిన ఐటీ పిల్లలకి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ప్రశ్న: ఇప్పటికీ వీళ్ళే నంబర్ వన్నా? (విశాఖపట్నం, డిగ్రీ విద్యార్థి)

జవాబు: కాదు బాబూ, 2022 మొదట్లో ఎంఎస్‌సీ (మెడిటరేనియన్ షిప్పింగ్ కంపెనీ) దాటేసింది. మెర్స్క్ వాళ్ళు ఓడల సంఖ్య పెంచడం కంటే గోడౌన్లు, లారీలు, కస్టమ్స్ పని అన్నీ కలిపి ఫ్యాక్టరీ గేటు నుంచి షాపు గేటు దాకా చేసే వైపు తిరిగారు, అది సరైన దారే అని నా అభిప్రాయం. 2023లో మిథనాల్‌తో నడవగల చిన్న కంటైనర్ ఓడ ఒకటి దించారు, దాని పేరేంటో తెలుసా, లారా మెర్స్క్!

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి పొడి, పచ్చళ్ళు అమెరికాలో మా అక్కావాళ్ళ షాపుకి పంపాలనుకుంటున్నా. పెద్ద షిప్పింగ్ లైన్‌తో నేరుగా మాట్లాడాలా, ఫార్వర్డర్ దగ్గరికి పోవాలా? (గుంటూరు గృహిణి)

జవాబు: అమ్మా, డబ్బా నిండా సరుకు లేనప్పుడు ఫార్వర్డర్ దగ్గరికే వెళ్ళండి, అంటే మన తరఫున ఓడలో చోటు బుక్ చేసి సరుకు పంపే ఏజెంటు. పదిమంది సరుకు కలిపి ఒక కంటైనర్ చేస్తారు, దాన్ని ఎల్‌సీఎల్ అంటారు. కస్టమ్స్ పనికి సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) వేరే ఉంటారు, చాలామంది ఫార్వర్డర్లే ఆ పని కూడా చూస్తారు. మన తూర్పు తీరం డబ్బాలు చాలావరకు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారతాయి, ఆ రోజులు కూడా కలిపి లెక్కేసుకోండి.

ఇంకొకటి, కాగితాలు మీరే చదవాలి, వేరేవాళ్ళ మీద వదిలెయ్యొద్దు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక రొయ్యల కన్‌సైన్‌మెంట్‌కి బుకింగ్ కాగితంలో మైనస్ 18 డిగ్రీలకి బదులు ఉత్త 18 అని టైప్ అయిపోయింది, ఒక్క అడ్డగీత పడలేదంతే. కాగితం నా చేతులమీదుగానే వెళ్ళింది, నేను చూసుకోలేదు. యార్డులో రాత్రి డ్యూటీలో ఉన్న రీఫర్ మెకానిక్ డిస్‌ప్లే చూసి, రొయ్యలకి ప్లస్ ఏంటని అనుమానమొచ్చి ఫోన్ చేశాడు, అప్పటికి ప్లగ్ పెట్టి గంట కూడా కాలేదు కాబట్టి సరుకు దక్కింది. లేకపోతే ఆ రైతుల డబ్బు మొత్తం యార్డులోనే కుళ్ళిపోయేది. భీమవరం తమ్ముడూ, ఇది నీక్కూడా చెప్తున్నా, స్టఫింగ్ (డబ్బాలో సరుకు నింపడం) అయ్యాక సీల్ నంబరు, కంటైనర్ నంబరు రాసుకుంటావు కదా, ఆ డిస్‌ప్లేలో అంకెతో పాటు ముందు గీత ఉందో లేదో కూడా చూసి ఒక ఫోటో తీసి పెట్టుకో.