డాక్టర్ కుగ్లర్ తల్లి పుట్టింటి పేరు వెతికేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి డాక్టరమ్మ మీద నవల మొదలుపెట్టావని, ఆమె పుట్టింటి వాళ్ల సంగతులు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టింది, 1883లో గుంటూరు వచ్చింది. పెళ్లి చేసుకోలేదు కనుక ఇంటిపేరు మారలేదు. నీకు చిక్కంతా తల్లి, అమ్మమ్మల దగ్గరే. పెళ్లయిన ఆడవాళ్ల పుట్టింటి పేరు ఆ కాలపు కాగితాల్లో చాలావరకు కనబడదు.

ముందు అమెరికా జనాభా లెక్కలు చూడు. 1880 నుంచి వెనక్కి 1870, 1860, 1850 వరకు వెళ్లు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. లెక్కకు ఆధారం జూన్ 1వ తేదీ కాబట్టి అన్నాకు 1860లో 4, 1870లో 14, 1880లో 24 ఏళ్లు ఉండాలి. ఏడాదో రెండేళ్లో తేడా మామూలే. ఐదేళ్లు తేడా వస్తే వేరే మనిషేమో చూసుకో. లెక్కలవాళ్లు చెవికి వినిపించినట్టు రాసుకునేవారు, అందుకే ఇంటిపేరును 'కె'తోనూ 'సి'తోనూ వెతుకు.

ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో మొదట రాసింది 1880లోనే. అంతకు ముందు పట్టికల్లో ఒకే ఇంటిపేరుతో ఉన్న ఆడమనిషి భార్యే కావాలని లేదు, చెల్లెలో వదినో కావచ్చు. భార్యే అయినా పిల్లలకు సవతి తల్లి కావచ్చు. తొందరపడి తల్లిని చేసేస్తే ఆపైన నువ్వు కట్టే వంశమంతా తప్పే. 1840లోనూ అంతకు ముందూ రాసింది ఇంటి పెద్ద పేరొక్కటే, మిగిలినవాళ్లు వయసు గడుల్లో అంకెలు.

జనన ధ్రువపత్రం కోసం కాలం వృథా చేయకు. పెన్సిల్వేనియా రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు స్థిరపడింది 1906లో. అన్నా పుట్టిన కాలానికి చర్చి రిజిస్టరే దిక్కు. బాప్తిస్మం పద్దులో బిడ్డ పేరు కంటే సాక్షుల పేర్లు జాగ్రత్తగా చదువు, చాలాసార్లు వాళ్లు మేనమామలో పిన్నమ్మలో అయివుంటారు. జర్మన్ లూథరన్ చర్చిల పాత పద్దులు జర్మన్ చేతిరాతలో ఉంటాయి, ఆ లిపి తెలిసినవారి సాయం తీసుకో.

అసలు గని వీలునామాలే. ఆర్డ్‌మోర్ ఉన్న మాంట్‌గోమరీ కౌంటీ కాగితాలు నోరిస్‌టౌన్‌లో ఉంటాయి. తల్లి పేరుతో వెతికితే దొరకవు, ఆమె తండ్రి పేరు కావాలి. ఆయన వీలునామాలో కూతుళ్లు అత్తింటి పేర్లతో ఉంటారు. వీలునామా రాయకుండా పోయినవాళ్ల ఆస్తి పంపకాలు ఆర్ఫన్స్ కోర్టు (వారసత్వ వ్యవహారాలు చూసే కోర్టు) దస్తావేజుల్లో ఉంటాయి. అక్కడ వారసులందరి పేర్లూ, కూతుళ్లయితే వాళ్ల భర్తల పేర్లూ రాస్తారు. నా దృష్టిలో వీలునామా కంటే ఇదే మేలు, వీలునామాలో అలిగిన తండ్రి ఒక కూతుర్ని వదిలేసి ఉండొచ్చు.

మరి ఆ తండ్రి పేరు తెలిసేదెలా? జనాభా పట్టికలో ఆ ఇంటి పేజీకి ముందు రెండు, వెనక రెండు పేజీలు దించుకో. చాలామంది చుట్టుపక్కల వాళ్లనే పెళ్లాడిన రోజులవి. పిల్లల మధ్యపేర్లు రాసుకో, తల్లి పుట్టింటి పేరును మధ్యపేరుగా పెట్టడం అప్పట్లో ఉండేది. ఈ రెండూ ఆచూకీలు మాత్రమే, వీటిని బలపరిచే ఇంకో కాగితం దొరికాకే నమ్ము. ఇంటర్నెట్‌లో జనం పెట్టుకున్న వంశవృక్షాల్లో ఒకరి తప్పును ఇరవైమంది ఎక్కించుకుంటారు, ఇరవై చోట్ల కనబడినంత మాత్రాన అది ఇరవై సాక్ష్యాలు కాదు.

1860, 1870, 1880 పేజీలు మూడూ దొరకగానే పంపు. పక్కింటి పేర్లు కలిసి చూద్దాం.

శుభాకాంక్షలతో.